శివశరణి ఆయ్దక్కి లక్కమ్మ: తృప్తి నిండిన గృహము

నాలుగు గోడలు, ఒక కప్పు ఉన్నంత మాత్రమున అది గృహము కాజాలదు. అందు నివసించువారి మనస్సులు కలిసినపుడే దానికి గృహమను పేరు సార్థకమగును. సకల సంపదలు గల మేడలలో కలహములును, ఉట్టిమీది కుండ తప్ప వేరేమియు లేని గుడిసెలలో నవ్వులును కానవచ్చుట లోకమునకు తెలిసిన విషయమే. అట్లని పేదరికమే సుఖమనుటయు సరికాదు. ఆకలిగొన్న యింటివారికి సంతోషమును గూర్చి బోధించుట ధర్మము కాదు. అయినచో గృహసౌఖ్యమునకు మూలమెయ్యది? సంసారమును విడిచి అడవులకేగినవారి కంటె, సంసారమునందే యుండి, ఏ దినపు కష్టముతో ఆ దినము గడుపుకొనుచు, అందే ఆనందమును గాంచినవారి జీవితమే ఈ ప్రశ్నకు తగిన సమాధానము చెప్పగలదు. 12వ శతాబ్దిలో కల్యాణ నగరమున వసించిన శివశరణి ఆయ్దక్కి లక్కమ్మ జీవితము అట్టిది.

లక్కమ్మకును, ఆమె భర్తయైన మారయ్యకును స్వస్థలము అమరేశ్వరము. అది నేటి కర్ణాటక రాష్ట్రమున రాయచూరు జిల్లా, లింగసుగూరు తాలూకాలో కలదు. కృష్ణా తుంగభద్రా నదుల నడుమనున్న ఆ సీమ 1956వ సంవత్సరము వరకు హైదరాబాదు రాష్ట్రమున భాగమై యుండెను. తెలుగు, కన్నడ భాషలు రెండును వినవచ్చు నేల యది. ఆ గ్రామమున వెలసిన అమరేశ్వరునియందు ఆ దంపతులకు అచంచలమైన భక్తి. పిమ్మట స్వగ్రామమును విడిచి కల్యాణమునకు వచ్చినను, ఆ స్వామి నామమును వారు విడువలేదు. మారయ్య తన వచనములను అమరేశ్వరలింగమను అంకితముతో ముగించెను. లక్కమ్మ తన అంకితమును మారయ్యప్రియ అమరేశ్వరలింగమని నిలుపుకొనెను. భర్త పేరును, భర్త యారాధించు దైవమును ఒక్క పదమున కూర్చి తన సంతకముగ చేసికొన్న యా యిల్లాలి హృదయము ఎట్టిదో ఈ ఒక్క అంశము వలననే గ్రహింపవచ్చును.

వారు కల్యాణమునకు వచ్చుటకు కారణము బసవేశ్వరుడు. కలచురి బిజ్జలుని కొలువున భండారియు మంత్రియునై యుండి, బసవేశ్వరుడు కులభేదములను త్రోసిపుచ్చి, స్త్రీపురుషులను సమముగ నాదరించి, కాయకము, దాసోహము అను రెండు సూత్రములపై నూతన సమాజమును నిర్మించుచుండెను. నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణమే ఆనాటి కల్యాణము. అచ్చటి అనుభవ మంటపమునకు అల్లమప్రభువు అధ్యక్షుడు. చాకలి వృత్తి చేయు మడివాళ మాచయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య, కదురు త్రిప్పి నూలు వడుకు కదిరె రెమ్మవ్వ, ముంగిళ్లు ఊడ్చు సత్యక్క మొదలగువారందరును ఆ మంటపమున సమానాసనమును పొందిరి. ఎవరి పని వారికి గౌరవము. పని చేయకుండ తినుట మాత్రమే అచ్చట చిన్నతనము.

కాయకమనగా కేవలము జీవనోపాధి కాదు. శరీరము నలుగునట్లు నిజాయితీతో చేయు పని, పరులను మోసగింపని పని, లింగార్పణబుద్ధితో చేయు పని కాయకము. దాని వలన లభించిన దానిని మొదట లింగమునకు, జంగమమునకు సమర్పించి, మిగిలినదానిని ప్రసాదముగ స్వీకరించుట దాసోహము. రేపటికొరకు కూడబెట్టుట శరణుల పద్ధతి కాదు. నేటి కష్టము నేటికి. రేపటి కష్టము రేపటికి.

మారయ్య స్వీకరించిన కాయకము చూచువారికి మిక్కిలి చిన్నది. బసవేశ్వరుని గృహమునకు మహామనె యని పేరు. అచ్చట నిత్యము వేలకొలది భక్తులకు అన్నసంతర్పణ జరుగుచుండెను. బియ్యపు మూటలు దింపునపుడు, కొలుచునపుడు, చెరుగునపుడు కొన్ని గింజలు ముంగిట రాలుట సహజము. కాళ్లక్రింద పడి వ్యర్థమగు ఆ గింజలను మారయ్య ఒక్కొక్కటిగ ఏరి, ఇంటికి తెచ్చుచుండెను. కన్నడమున ఆయ్ద అనగా ఏరిన. అక్కి అనగా బియ్యము. ఏరిన బియ్యముతో జీవించుటచే ఆ దంపతులకు ఆయ్దక్కి యనునది ఇంటిపేరువలె స్థిరపడెను. ఆ మాట వారికి సిగ్గు కలిగింపలేదు. ఎనిమిది శతాబ్దములు గడచినను లోకము వారిని ఆ పనిపేరుతోనే స్మరించుచున్నది.

మారయ్య తెచ్చిన గింజలలో మట్టి, రాళ్లు కలిసియుండును. వానిని చేటలో పోసి చెరిగి, రాళ్లేరి, కడిగి, వండి, లింగమునకు నివేదించి, జంగములకు వడ్డించి, ఆ పిమ్మట దంపతులిరువురును ప్రసాదమును స్వీకరించుట ఆ యింటి దినచర్య. భర్త ఏరుట యెంత కాయకమో, భార్య చెరుగుట, వండుట, వడ్డించుటయు అంతే కాయకము. ఇంటిపని తక్కువ, బయటిపని ఎక్కువ అను భేదము ఆ యింట లేదు. ఒకరు తెచ్చుట, వేరొకరు కూర్చుండి తినుట అను మాటయు లేదు. ఇద్దరి చేతులును ఒక్క పిడికెడు అన్నమునందు కలిసెను. ఆ యింటి సంతోషమునకు మొదటి కారణమిదియే.

అయినను ఏ సంసారమునను పరీక్షలు లేకుండ గడువవు. లక్కమ్మ గృహమునకును మూడు పరీక్షలు వచ్చెను. శూన్యసంపాదనమను ప్రసిద్ధ గ్రంథమున ఈ కథ విపులముగ కలదు.

మొదటి పరీక్ష సత్కాలక్షేపము రూపమున వచ్చెను. ఒకనాడు మారయ్య అనుభవ మంటపమున శరణుల గోష్ఠిలో కూర్చుండి, కాయకతత్త్వమును గూర్చిన చర్చలో లీనమై, కాలము గడచుట యెరుగకుండెను. కాయకములో నిమగ్నుడైనవాడు గురుదర్శనమును, లింగపూజను సైతము మరువవలసి వచ్చినను దోషము లేదనియు, కైలాసము కాయకమునందే కలదనియు ఆయన భావము. ఎంత చక్కని సిద్ధాంతము! అయితే దానిని వివరించుటలో మునిగి, ఆ దినపు కాయకమునే ఆయన మరచెను. ఇంట లక్కమ్మ ఎదురుచూచెను. పొద్దెక్కినను భర్త రాలేదు. ఆమె మంటపమునకు వచ్చి, కాయకము నిలిచిపోయినదని ఆయనకు నెమ్మదిగ గుర్తుచేసెను.

ఇచ్చట గమనింపవలసినది ఆమె తీరు. పదిమంది పెద్దలున్న సభలో భర్తను నిందింపలేదు. అట్లని ఆయన పెద్దల నడుమ ఉన్నాడు గదా యని ఊరకుండలేదు. చెప్పవలసిన దానిని గౌరవము చెడకుండ చెప్పెను. మారయ్యయు భార్య తనను సభలో తట్టి లేపెనని కినుక వహింపలేదు. వెంటనే లేచి పనికి పోయెను. మాట చెప్పుటలో మృదుత్వము ఒకరిది. మాట వినుటలో నిగర్వము ఇంకొకరిది. ఈ రెండును కలిసినచోట కలహమునకు చోటెక్కడిది?

రెండవ పరీక్ష అన్నిటికంటె కఠినమైనది. అది కలిమి రూపమున వచ్చెను. ఆ దినము మారయ్య ముంగిలికి పోవునప్పటికి అచ్చట ఎన్నడును లేనన్ని గింజలు పడియుండెను. ఆ దంపతుల కడగండ్లు చూచి జాలిగొని, బసవేశ్వరుడే కావలెనని ఎక్కువ బియ్యము చల్లించెనని సంప్రదాయము చెప్పుచున్నది. మారయ్య సంతోషముతో వానినన్నిటిని ఏరి, నిత్యము తెచ్చు కొలతకు మించి యింటికి తెచ్చెను. అందులో దొంగతనము లేదు. ఎవరినీ మోసగించుట లేదు. నేలపై పడియున్నదానినే ఏరెను. లోకములోని ఇల్లాండ్రెవరైనను ఆ మూటను చూచి ముఖము వికసింపజేసియుందురు.

లక్కమ్మ ముఖము వికసింపలేదు. ఆమె మూటను చేతబట్టి బరువు చూచెను. ఇంత బియ్యము ఎచ్చటనుండి వచ్చినదని భర్తను ప్రశ్నించెను. ఈ అధికము ఆయన మనస్సులో పుట్టిన ఆశయా, లేక తమ నిష్ఠను శంకించిన బసవేశ్వరుని చిత్తమా యని విచారించెను. కన్నడమున మన అను మాటకు మనస్సనియు, ఒక కొలతయనియు రెండర్థములు కలవు. కొలత ఒకటి రెండైనచో మనస్సును ఒకటి రెండగునని ఆమె ఆ శ్లేషను ఆశ్రయించి భర్తకు బోధించెను. అట్టి బియ్యము అమరేశ్వరునికి నివేదన కాజాలదనియు, ఎచ్చట ఏరెనో అచ్చటనే చల్లి రావలసినదనియు తెలియజేసెను. మారయ్య ఎదురాడక అధికమైన బియ్యమును తీసికొనిపోయి ముంగిట చల్లి తిరిగివచ్చెను.

పైకి చూచిన ఇది మొండితనముగ తోచవచ్చును. ఇంటికి వచ్చిన బియ్యమును త్రిప్పిపంపుట ఏమి వివేకమని అడుగువారు ఉందురు. లక్కమ్మ దృష్టి ఇంకను దూరము పోయెను. రాలిన గింజను ఏరుట కాయకము. చల్లిన గింజను ఏరుట భిక్ష. బసవేశ్వరుడు మహాపురుషుడే, ఆయన జాలి నిర్మలమైనదే. అయినను ఆ జాలిని ఒకనాడు స్వీకరించినచో, మరునాడు భర్త కన్నులు గింజలకొరకు కాక దాత దయకొరకు వెదకును. ఒకనాటికి చాలినది పోయి రెండు నాళ్లకు చాలినది వచ్చినచో, దానిని దాచుటకు కుండ కావలెను. కుండకు మూత కావలెను. తలుపునకు గడియ కావలెను. రాత్రి నిద్రలో సందేహము కావలెను. నిన్న లేని చింత నేడు ఆ యింట కాలు పెట్టును. పిడికెడు బియ్యముతో వచ్చు సుఖము మూటతో పోవుననియే ఆమె భయము.

లక్కమ్మ ఆకలిని పొగడలేదను విషయమును మరువరాదు. నిత్యపు కొలతను ఆమె ఎన్నడును తగ్గింపలేదు. లింగమునకు, జంగమమునకు, తమ ఇరువురి పొట్టకు కావలసినంత ఆ యింట ఉండితీరవలెను. అందులకే ఆలస్యమైనపుడు ఆమెయే మంటపమునకు పోయి భర్తను పనికి పంపినది. తక్కువైనను ఊరకొనలేదు, ఎక్కువైనను ఊరకొనలేదు. మనస్సు శుద్ధముగ లేనివానికే దరిద్రము గాని, నిర్మలచిత్తముతో పాటుపడు భక్తుడు ఏ దిక్కున చూచిన ఆ దిక్కుననే లక్ష్మి నిలిచియుండునని ఆమె వచనమొకదాని సారము. తన యింటికి ఎంత చాలునో తెలిసిన యిల్లాలు ఆమె. ఆ కొలత తెలియుటయే ఆమె ఐశ్వర్యము.

ఈ వృత్తాంతము బసవేశ్వరునికి తెలిసి ఆయన మిక్కిలి ఆశ్చర్యపడెను. పిమ్మట లక్కమ్మ సంకల్పముచే మారయ్య బసవేశ్వరుని, లక్షా తొంబదియారు వేల జంగమ గణములను తమ గుడిసెకు ప్రసాదమునకై ఆహ్వానించెను. పిడికెడు బియ్యముతో వండిన అన్నము అందరికిని చాలెనని కథ. ఈ సంఖ్యను పురాణసంప్రదాయమున చెప్పు రీతిగ గ్రహింపవలెను. అందలి తాత్పర్యము మాత్రము సుబోధము. మంత్రి భవనమున ధాన్యరాశులతో జరుగు దాసోహమునకును, ఏరిన గింజలతో పేదయింట జరుగు దాసోహమునకును విలువలో తేడా లేదు. ఇచ్చువారి చేతి శుద్ధియే దాని కొలత. ముందుదినము జాలికి పాత్రమైన యిల్లు మరునాడు ఆతిథ్యమిచ్చు ఇల్లయ్యెను. బియ్యమును త్రిప్పిపంపిన గృహమునకు దక్కిన గౌరవమది.

మూడవ పరీక్ష మోక్షేచ్ఛ రూపమున వచ్చెను. ఇంతటి కీర్తి కలిగిన పిమ్మట మారయ్య మనస్సు ఈ ముంగిలి, ఈ గింజలు, ఈ చేట వీనిని దాటి కైలాసముపైకి మరలెను. కైలాసము కాయకమునందే కలదని బోధించినవాడే దానిని వేరొకచోట వెదకసాగెను. ఇంటియందలి సంతోషమునకు ధనాశ ఎంత శత్రువో, ఉన్నచోటు చాలదను అసంతృప్తియు అంతే శత్రువు. అది భక్తి వేషము ధరించి వచ్చినపుడు గుర్తించుట మరింత కష్టము.

లక్కమ్మ దానిని గుర్తించెను. చేయుచున్న పనియందు చిత్తము నిలిచినచో వేరొక కైలాసమును కోరనక్కరలేదని ఆమె భర్తకు ఉపదేశించెను. కోరిక బియ్యముపై కలిగినను, కైలాసముపై కలిగినను కోరికయే కదా! మారయ్య ఆ ఉపదేశమును శిష్యునివలె వినెను. సతిపతులను పేర్లు సంసారబంధమునకే గాని, అరివు అను జ్ఞానమునకు స్త్రీపురుష భేదము లేదను భావము లక్కమ్మ వచనమున స్పష్టముగ కలదు. ఆనాటి లోకమున భార్యకు భర్తయే గురువు. ఈ గుడిసెలో మాత్రము అవసరమైనపుడు భార్య గురువయ్యెను, భర్త శిష్యుడయ్యెను. దాని వలన మారయ్య గౌరవము తగ్గలేదు. భార్య మాట విని సరిదిద్దుకొన్న మహనీయుడని శరణసమాజము ఆయనను మరింత కొనియాడెను.

లక్కమ్మ రచించిన వచనములలో ఇరువది యైదు నేటికి లభించుచున్నవి. ఆనాడు వచనములు చెప్పిన స్త్రీలు ముప్పదిమందికి పైగా కలరు. అందులో రాచగృహములవారును కలరు, కూలిపని చేసికొనువారును కలరు. కల్యాణమున సంభవించిన విప్లవానంతరము శరణులు చెదరిపోయినను, తాళపత్రములలో ఆ వచనములు నిలిచెను. 15వ శతాబ్దిలో శివగణప్రసాది మహాదేవయ్య శూన్యసంపాదనమును కూర్చెను. తరువాతి కాలమున ఫకీరప్ప గురుబసప్ప హళకట్టిగారు ఇల్లిల్లు తిరిగి వ్రాతప్రతులను సేకరించి, 1923లో వచనశాస్త్రసారమను గ్రంథమును వెలువరించిరి. 1993లో కర్ణాటక ప్రభుత్వము సమగ్ర వచన సాహిత్యమును 15 సంపుటములుగ ప్రకటించెను. మన తెలుగునాట పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దిలోనే ద్విపదలో బసవపురాణమును రచించి బసవేశ్వరుని కథను ఇంటింటికి చేర్చెను. దానిని 1369లో భీమకవి కన్నడమున రచించెను. తెలుగునుండి కన్నడమునకు అట్లు పోయిన ఋణమును, కన్నడ శరణుల అనుభవమును మన గృహములలో చదివి ఆచరించుట ద్వారా మనము తిరిగి పొందవలెను.

ఈ కథను విని ప్రతివారును గింజలేరి బ్రతుకవలెనని భావింపరాదు. నేటి కుటుంబములకు పిల్లల చదువులు, వైద్యము, వృద్ధుల పోషణ మొదలగు అవసరములు కలవు. రేపటికై కొంత నిలువయుంచుట నేడు వివేకమే. లక్కమ్మనుండి గ్రహింపవలసినది కొలత. మన యింటికి ఎంత చాలునో భార్యాభర్తలు కలిసి కూర్చుండి ఎన్నడైనను నిర్ణయించుకొనిరా? పొరుగువారి పెండ్లిని చూచి అంతకు మించిన పెండ్లి చేయబోయి, పదియేండ్లు అప్పు తీర్చుచున్న కుటుంబములెన్ని లేవు! చేతిలోని ఫోనులో పరుల విందులను, విహారములను చూచి, తన యింట వేడివేడిగ వడ్డించిన జొన్నరొట్టె రుచిని మరచినవారెందరు లేరు! వరకట్నమును నిషేధించుచు 1961లోనే చట్టము వచ్చినను, కోడలు తెచ్చు మూట బరువు చూచు ఇండ్లు ఇంకను కలవు. లక్కమ్మయు మూట బరువు చూచెను. ఎక్కువైనదని త్రిప్పిపంపుటకై చూచెను. ఈ భేదమును ప్రతి అత్తమామలును తలపోయవలెను.

ఇంటికి వచ్చు ప్రతి రూపాయి ఎచ్చటనుండి వచ్చినదని అడుగు హక్కు ఇల్లాలికి కలదు. ఉద్యోగములలోను, వ్యాపారములలోను అన్యాయార్జితము ఇల్లు చేరునపుడు, ఎవరి నిమిత్తము తెచ్చితివని అడుగు నోరొకటి ఆ యింటనున్నచో, ఎందరో అపకీర్తిపాలు కాకుండ బ్రతుకుదురు. అట్లే, తాను సంపాదించు ఇల్లాలిని అదే విధముగ అడుగు హక్కు భర్తకును కలదు. అడుగుటలో అధికారధ్వని, అనుమానము ఉండరాదు. వినుటలో అహంకారము ఉండరాదు. తృప్తిపడుమని స్త్రీలకే బోధించి, పురుషులు తమ ఇచ్చవచ్చినట్లు మెలగుట లక్కమ్మ మార్గము కానేకాదు. ఆమె తృప్తిని భర్తకు నేర్పెను, ఆయన నేర్చుకొనెను.

పనిని పంచుకొనుట, మాటను పదిలముగ చెప్పుట, చెప్పిన మాటను గర్వము లేక వినుట, చాలినదానిని చాలునని గుర్తించుట, ఉన్నంతలో ఒక అతిథికి పెట్టుట — ఈ యైదింటికి ధనము అక్కరలేదు. ఇవి కొరవడిన యింట ఎంత ధనమున్నను నిలువదు. సాయంకాలము లింగపూజానంతరము కుటుంబమంతయు ఒక్కచోట చేరి ప్రసాదమును స్వీకరించు అలవాటును ప్రతి శరణ కుటుంబమును నిలుపుకొన్నచో, ఆ పంక్తియందే లక్కమ్మ మారయ్యల గుడిసె కానవచ్చును. మఠములయందును వివాహసమయములలో నూతన వధూవరులకు ఈ దంపతుల చరిత్రమును వినిపించుట మిక్కిలి శ్రేయస్కరము.

కల్యాణపు కోటలు శిథిలములయ్యెను. బిజ్జలుని ధనాగారమున ఎన్ని మాడలుండెనో నేడు లెక్కించువారు లేరు. ఒక పేద యిల్లాలు త్రిప్పిపంపిన గుప్పెడు బియ్యమును మాత్రము లోకము ఇంకను తలచుకొనుచున్నది. ఆ గింజల వెలుగు మన గృహములందును ప్రకాశించుగాక.

శరణు శరణార్థి.